దివాన్ గారి కళ్లద్దాలు

నేను పదవీ విరమణ చేయడానికి ముందు ఏడాది, జనవరి చివర్లో, నాగర్‌కర్నూల్ ఆసుపత్రి నుంచి నన్ను వనపర్తికి డిప్యుటేషన్ మీద పంపారు. "ఉత్సవాలలో భాగంగా ఏర్పాటు చేయుచున్న ప్రాచీన కళ్లద్దాల ప్రదర్శనకు సాంకేతిక వివరణ అందించు నిమిత్తం" అని ఉత్తర్వులో రాశారు. ఉప్పునుంతలలో ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను బతికున్నవాళ్ల కళ్లు చూస్తూ వచ్చాను. చివరి ఏడాదిలో పోయినవాళ్ల కళ్లద్దాలకు కాపలా కాయమన్నారు. ఉత్తర్వు ఉత్తర్వే కాబట్టి ట్రయల్ సెట్టు పెట్టె పట్టుకుని బస్సెక్కాను.

మా ఉద్యోగం పేరు ఆప్తాల్మిక్ ఆఫీసర్. పేరులో ఆఫీసర్ ఉంది గానీ మాకు బల్లా కుర్చీ దొరికిన రోజులు తక్కువ. మేం కంటి డాక్టర్లం కాము. చూపు కొలిచి అద్దాలు రాస్తాం, శుక్లాలు ముదిరినవారిని ఏరి ఆపరేషన్‌కు పంపుతాం, ఆపరేషన్ అయ్యాక మళ్లీ చూపు కొలుస్తాం. ట్రయల్ సెట్టు అంటే రకరకాల శక్తుల అద్దాలు వరసగా పేర్చిన పెట్టె. దానితో పాటు ఒక బరువైన గుండ్రటి చట్రం ఉంటుంది. ఆ చట్రాన్ని మనిషి ముఖానికి తగిలించి, అద్దాలు ఒక్కొక్కటే మారుస్తూ, ఏది పెడితే కనబడుతుందో అడుగుతాం. ఉద్యోగమంతా ఇంచుమించు ఇదే ప్రశ్న.

ప్రదర్శనకు కర్తా కర్మా శశిధర్ గారు. ప్లాట్ల వెంచర్లు వేసి బాగా సంపాదించిన పెద్దమనిషి. చరిత్ర మీద ప్రేమ ఆ తర్వాత పుట్టింది. ఆయన నన్ను ఎంతో మర్యాదగా పలకరించి, ఉచిత కంటి పరీక్షల కోసం నాకు కేటాయించిన స్థలం చూపించారు. అది మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన ఉంది. అక్కడ వెలుతురు లేదు, అక్షరాల చార్టు వేలాడదీయడానికి కావలసినంత దూరమూ లేదు. "మేడమ్, మెయిన్ హాల్లో మీరు కూర్చుంటే ఆ పాతకాలపు వాతావరణం చెడిపోతుంది" అన్నారు. ముప్పై ఏళ్లకు పైబడిన సర్వీసులో నన్ను చాలామంది చాలా అన్నారు గానీ, వాతావరణం చెడగొడతానని ఎవరూ అనలేదు.

మెయిన్ హాలు నిజంగానే వైభవంగా ఉంది. మఖమలు గుడ్డ పరిచిన గాజు అలమారలు, లోపల చిన్న చిన్న బల్బులు. వస్తువులను తప్పు పట్టను. ముక్కును స్ప్రింగుతో పట్టుకునే, చెవికాళ్లు లేని అద్దాలున్నాయి. చేత్తో పట్టుకుని చూసే పిడి అద్దాలున్నాయి. జాతరల్లో అద్దాలమ్మేవాడు మెడకు తగిలించుకుని తిరిగిన చెక్కపెట్టె ఒకటి ఉంది. ఆ కాలంలో కొలతలూ చార్టులూ లేవు. ముసలాయన ఒక్కో జత పెట్టుకుని చూసి, ఏ జతతో తన అరచేతి గీతలు కనబడితే ఆ జత కొనుక్కునేవాడు. ఆ పెట్టెను చూసి ముచ్చటపడ్డాను. వాడు అమ్ముకునేవాడే అయినా, కనబడుతుందా లేదా అని మనిషిని అడిగి అమ్మాడు.

తప్పంతా వస్తువుల కింద అతికించిన చీటీలది. పెబుల్ అద్దాలు ఒక జత ఉన్నాయి. పెబుల్ అంటే గాజు కాదు, స్ఫటికాన్ని సానబట్టి చేసిన అద్దం. గాజు కంటే చల్లగా తగులుతుంది, త్వరగా గీతలు పడదు. నాకు పని నేర్పిన సీనియర్ ఒకాయన చెంపకు ఆనించి గుర్తుపట్టేవాడు. శశిధర్ గారి చీటీ మాత్రం "నేత్రరోగాలను హరించే చలువరాతి వైద్యం" అంటోంది. చల్లదనం చెంపకే గానీ కంటికి కాదని చెబితే, "జనానికి కొంచెం ఆసక్తి ఉండాలి కదా మేడమ్" అన్నారు. మరో జతలో పై సగం దూరపు చూపుకూ, కింది సగం దగ్గర చూపుకూ రెండు వేర్వేరు ముక్కలు కలిపి బిగించారు. ఇప్పుడు మనం ఒకే అద్దంలో రెండు చూపులు పెట్టించుకుంటున్నామే, దానికి తాత అది. దాని కింద "పగిలిన అద్దాలను సైతం అతికించి వాడుకున్న పూర్వీకుల పొదుపు" అని రాశారు. నేను నవ్వలేదు. నవ్వితే సాంకేతిక వివరణ కిందికి రాదు.

హాలు మధ్యలో ఒంటరిగా ఒక అలమార ఉంది. మిగతా వాటికి రెండేసి బల్బులుంటే దీనికి నాలుగు. లోపల గుండ్రటి లోహపు చట్రం, మందమైన అద్దాలు, ఒక పక్క చెవికాడ, రెండో పక్క కాడ బదులు దారం. చీటీ: "సంస్థానపు దివాన్ గారు రాగి శాసనాలు చదువుటకు వాడిన కళ్లద్దాలు." దాని ఫొటో అప్పటికే పేపర్లో వచ్చిందట.

సాంకేతిక వివరణ కోసం తాళంచెవి నా దగ్గరే ఉంచారు కాబట్టి అలమార తెరిచి అద్దాలు చేతిలోకి తీసుకున్నాను. యంత్రం లేకపోయినా అద్దం శక్తి కొలవడానికి మాకొక పద్ధతి ఉంది. అద్దంలోంచి దూరాన ఉన్న కిటికీ చువ్వను చూస్తూ, అద్దాన్ని మెల్లగా అటూ ఇటూ కదపాలి. ప్లస్ అద్దమైతే చువ్వ ఎదురు దిక్కుకు జరిగినట్టు కనిపిస్తుంది, మైనస్ అయితే అదే దిక్కుకు. అప్పుడు ట్రయల్ సెట్టులోంచి వ్యతిరేక శక్తి అద్దాలు ఒక్కొక్కటే దానికి జోడిస్తూ పోవాలి. ఏది జోడిస్తే చువ్వ కదలకుండా నిలబడుతుందో, అదే దాని కొలత. నేను జోడించుకుంటూ పోయాను. మైనస్ పది దగ్గర చువ్వ నిలబడింది. రెండు అద్దాలూ ప్లస్ పదే.

ప్లస్ పది ఎవరికి ఇస్తారో మా వృత్తిలో పసివాడికైనా తెలుసు. ఇప్పుడు శుక్లం ఆపరేషన్ చేసినప్పుడు మసకబారిన కటకం తీసి, దాని చోట కృత్రిమ కటకం పెడుతున్నారు. పాత రోజుల్లో తీయడమే గానీ పెట్టడం లేదు. కంట్లోంచి తీసిన కటకం పనిని ముక్కు మీది మందపు అద్దానికి అప్పగించేవారు. సోడాబుడ్డి అద్దాలని జనం ఎగతాళి చేసేది వాటినే. అమ్రాబాద్‌లో పనిచేసినప్పుడు శిబిరాల్లో ఆపరేషన్ అయినవారికి అవే కట్టబెట్టేవాళ్లం. ఆ మనుషులకు అవి లేకపోతే ఎదుటి మనిషి ముఖం ఉండదు, దారి ఉండదు, వెలుతురూ రంగులూ కలిసిన మసక ఒక్కటే ఉంటుంది.

దివాన్ గారికీ శుక్లం తీసి ఉండవచ్చు కదా అని వాదించవచ్చు. ఆ దారం నైలాన్ దారం. నీలం రంగుది. ముక్కు మీద ఆనే చోట కొబ్బరినూనె జిడ్డు ఇంకా తడిగా ఉంది.

శశిధర్ గారిని పిలిచి, దివాన్ గారు నైలాన్ దారం ఎక్కడ కొన్నారని అడిగాను. ఆయన నొచ్చుకున్నారు. "దారం తర్వాత ఎవరో కట్టి ఉంటారు. చట్రం చూడండి, అసలు పాతది" అన్నారు. ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే ఊళ్లలో సేకరించామన్నారు. ఎలా సేకరించారో ప్రదర్శన వాళ్ల జీపు డ్రైవర్ ఖాజా చెప్పాడు. పాత ఇనుముకు ప్లాస్టిక్ బకెట్లు ఇచ్చేవాళ్ల మాదిరిగా మైకు కట్టుకుని, పాత కళ్లద్దాలు ఇస్తే కొత్తవి ఇస్తామని ఊరూరా తిరిగారు. కొత్తవంటే, ఎవరి చూపూ కొలవకుండా బస్టాండుల్లో అమ్మే రెడీమేడ్ అద్దాలు, అన్నీ ప్లస్ రెండున్నర.

"గీ దారం అద్దాలు నాకు యాదుంది మేడం. ఖిల్లా ఘణపూర్ అవతల ఒక తాండ దాటినంక చిన్న ఊరు. ఒక ముసలామెవి. కోడలు తెచ్చిచ్చింది" అన్నాడు ఖాజా. సంస్థానం చరిత్ర అంతా ఖాజాకు జీపు దారిలో గుర్తుంది. శశిధర్ గారికి అది అడగాలని తోచలేదు.

మర్నాడు శనివారం పొద్దున అదే జీపులో వెళ్లాం. బుచ్చమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. ఎనభైకి అటూ ఇటూ ఉంటుంది. కొత్త నల్ల చట్రపు అద్దాలు పెట్టుకుని, మా అడుగుల చప్పుడు వైపు ముఖం తిప్పింది. ఎడమ అద్దం మీద శక్తి ముద్రించిన చిన్న స్టిక్కర్ కూడా తీయలేదు. తీయాలని ఆమెకు కనబడితే కదా. కుడి చేతికి కాలిన గాయం, దాని మీద పసుపు. పక్కన మోదుగాకుల కట్ట ఎండిపోయి ఉంది. విస్తర్లు కుట్టి అమ్మడం ఆమె పని.

కళ్లెలా ఉన్నాయని అడిగాను.

"ఉన్నయంటే ఉన్నయి బిడ్డ. గీ కొత్తయి పెట్టుకున్న కాంచి అంత మబ్బే. నా కండ్లే పోయినయని మాటొచ్చింది ఇంట్ల. పొయ్యికాడికి రానిస్తలేరు" అంది. తర్వాత నేనెవరో తెలిసి గొంతు మార్చింది. "మీరే గద మైకుల మొత్తుకుంట వచ్చి తీస్కపోయింది. ఇప్పుడు నన్ను జూడనీకి వచ్చిండ్రా."

నేను ఆ జట్టులో లేనని చెప్పుకోవాలనిపించింది. కానీ జీపు వాళ్లదే.

కోడలు శాంతమ్మ గుమ్మంలో నిలబడి, తప్పంతా తనదేనన్నట్టు చెప్పింది. "నేనే ఇచ్చిన మేడం. దారం కట్టుకోని తిరుగుతుంటే నలుగురిల ఇజ్జత్ పోతుందనిపించింది. కొత్తయి మంచిగుంటయనుకున్న." ఆమె చెప్పిన మిగతా మాటతో నాకు అసలు సంగతి అర్థమైంది. ఆమె, భర్త కుర్మయ్య సోమవారం మేస్త్రీ వెంట పుణె పనికి పోవాలి. ప్రతి ఏడూ ఆరో తరగతి చదివే కూతుర్ని బుచ్చమ్మ దగ్గర ఉంచి వెళ్తారు. ఇప్పుడు ముసలామెకు కళ్లు లేవు, ఆమెకే ఒకరు వండిపెట్టాలి. అందుకని బుచ్చమ్మను ఆడబిడ్డ ఇంట్లో దించి, పిల్లను బడి మానిపించి తమతో పనికాడికి తీసుకుపోతామని నిశ్చయించుకున్నారు. బడిలో చెప్పేశారు కూడా.

ట్రయల్ చట్రంలో రెండు ప్లస్ పది అద్దాలు వేసి బుచ్చమ్మ ముఖానికి తగిలించాను. ఆమె తల తిప్పి, గోడనూ దండెం మీది బట్టలనూ చూసి, చివరికి కోడలి దగ్గర ఆగింది.

"నువ్వేందే గంత చిక్కిపోయినవ్" అంది.

శాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పనక్కర్లేదు.

"ఇవే ఇచ్చిపో బిడ్డ" అంది బుచ్చమ్మ. ఇవ్వలేనని చెప్పాను. అది దవాఖాన సామాను, పైగా పరీక్షకు పనికొస్తుంది గానీ తిరగడానికి కాదు, వంగితే అద్దాలు జారి పడతాయి. కొత్త ప్లస్ పది అద్దాలు రాసిస్తాను, కానీ అంత శక్తి ఎక్కడా సిద్ధంగా ఉండదు, హైదరాబాద్‌లో చేయించి తెప్పించడానికి వారాలు పడుతుంది. సోమవారం మాత్రం ఎల్లుండే. ఆమె పాత అద్దాల సంగతి అడిగాను. లెన్సులు శిబిరంలో ఇచ్చినవేనట. శిబిరపు చట్రం విరిగితే, చనిపోయిన పటేల్ గారి పాత చట్రాన్ని ఆయన ఇంటివాళ్లు ఇచ్చారట. గద్వాలలో ఒక అద్దాలాయన ఈ లెన్సుల్ని దానిలోకి బిగించాడు. కాబట్టి శశిధర్ గారు చట్రం విషయంలో తప్పు చెప్పలేదు. ఆయనకు చట్రం ఒక్కటే కనబడింది.

సాయంత్రం వనపర్తి తిరిగొచ్చి, జరిగింది ఒకటి తర్వాత ఒకటి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. పేపర్లో ఫొటో వచ్చిందనీ, రేపు ముఖ్య అతిథి ప్రారంభించేది ఆ అలమార దగ్గరేననీ, పదిహేను రోజులయ్యాక ప్రదర్శన గద్వాలకు పోతుందనీ, అదంతా అయ్యాక తప్పకుండా ఆలోచిద్దామనీ అన్నారు. సోమవారం సంగతి మళ్లీ చెప్పాను. ఆయన ముఖం వెలిగింది.

"ఆమెను తీసుకురండి మేడమ్. అద్దాలు పెట్టుకుని అలమార పక్కన కూర్చుంటుంది. లైవ్‌గా ఉంటుంది. సాయంత్రం మళ్లీ లోపల పెట్టేద్దాం."

మనిషి కళ్లు తీసి అలమారలో పెట్టి, మనిషిని దాని పక్కన బొమ్మలా నిలబెట్టాలన్నది ఆ ఆలోచన. నేను కుదరదన్నాను. కానీ ఇది నేను కుదరదనాల్సిన విషయం కాదని కూడా తోచింది. ఆదివారం తెల్లవారి ఖాజా జీపులో వెళ్లి బుచ్చమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను, సాయంత్రం తిరిగి ఇచ్చేయాలన్న మాటతో సహా. ఆమె విని, మోదుగాకుల కట్ట సంచిలో పెట్టుకుంది.

"కూసుంట తియ్యి. ఏం పోయింది. నా అద్దాలు నాకొస్తయి గద" అంది. సాయంత్రం సంగతి ఆమె ఎత్తలేదు.

ప్రారంభోత్సవం ప్రారంభోత్సవాల్లాగే జరిగింది. దివాన్ గారి కళ్లద్దాలు పెట్టుకున్న ముసలామెను, దివాన్ గారి కొలువులో పనిచేసిన వంశానికి చివరి వారసురాలని శశిధర్ గారు మైకులో పరిచయం చేశారు. "మా అయ్య దివాన్‌ను జూళ్లె. పటేల్ గొడ్లను కాసిండు" అని బుచ్చమ్మ నాతో అంది. మైకు అటువైపు ఉంది. ఖాళీగా కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. సంచి విప్పి, అద్దాలను ముక్కు కొసకు జార్చుకుని, విస్తర్లు కుట్టడం మొదలుపెట్టింది. దీనికో కారణం ఉంది. మందపు ప్లస్ అద్దం కంటికి ఎంత దూరం జరిగితే దాని పని అంత పెరుగుతుంది. దూరం చూడాలంటే పైకి తోసుకుంటారు, దగ్గరి పనికి కిందికి జార్చుకుంటారు. ఒక జతతోనే రెండు చూపులూ నెట్టుకొస్తారు. ఇది వాళ్లకు ఎవరూ నేర్పరు. జారిన అద్దాలను సరిచేయడానికి ఒక వాలంటీరు రెండుసార్లు చెయ్యి చాపితే, రెండుసార్లూ బుచ్చమ్మ ఆ చెయ్యిని తోసేసింది. ఫొటోలో కళ్లు సరిగా పడటం లేదని అతని బాధ.

ముఖ్య అతిథి వంగి, బాగా కనబడుతుందా అమ్మా అని అడిగారు.

"ఇయ్యాల కనబడ్తుంది సారు. నిన్నటిదాంక కనబళ్లె" అంది బుచ్చమ్మ.

అది ప్రదర్శనకు మెచ్చుకోలు అనుకుని ఆయన నవ్వారు. శశిధర్ గారు చప్పట్లు మొదలుపెడితే హాలంతా అందుకుంది. ఎందుకు నిన్నటిదాకా కనబడలేదని అంతమందిలో ఒక్కరికీ అడగాలనిపించలేదు.

పొద్దు వాలుతుండగా అందరూ భోజనాల పందిరి వైపు కదిలారు. వెళ్తూ వెళ్తూ శశిధర్ గారు అద్దాలు లోపల పెట్టి తాళం వేయమని నాకు పురమాయించారు. హాల్లో బుచ్చమ్మ, నేను, గుమ్మం దగ్గర ఖాజా మిగిలాం. నేను అలమార తెరిచి, ఏం చేయాలా అని నిలబడ్డాను. బుచ్చమ్మ నిలబడలేదు. విస్తర్లు సంచిలో సర్దుకుని, కొంగు ముడి విప్పి, అందులోంచి నల్ల రెడీమేడ్ అద్దాలు తీసింది. వాటిని మఖమలు గుడ్డ మీద, దివాన్ గారి చీటీకి సరిగ్గా పైన, పొందిగ్గా పెట్టింది.

"అద్దాలే గద పెట్టుమన్నది" అంది.

నేను తలుపు మూసి తాళం వేశాను. సాంకేతికంగా ఆమె మాటలో లోపం లేదు. ఖాజా జీపు స్టార్టు చేశాడు. దారిలో ఆమె ఎదురొచ్చే ప్రతి బండినీ, ప్రతి చేనునూ చూస్తూనే ఉంది. మర్నాడు కుర్మయ్యా శాంతమ్మా మేస్త్రీ బండి ఎక్కారు. పిల్ల బడికి పోయింది. హైదరాబాద్ నుంచి కొత్త ప్లస్ పది జత వచ్చాక నేనే తీసుకెళ్లి ఇచ్చాను. బుచ్చమ్మ దాన్ని పెట్టుకుని చూసి, బాగానే ఉందని ఒప్పుకుని, పండక్కి పెట్టుకుంటానని దాచింది.

నాకు మెమో వస్తుందని ఎదురుచూశాను. ప్రదర్శన వస్తువు మాయమైతే తాళంచెవి ఉన్నవారికి సంజాయిషీ నోటీసు ఇవ్వడం పద్ధతి. జవాబు కూడా తయారుచేసి పెట్టుకున్నాను, అందులో కొన్ని మంచి వాక్యాలున్నాయి. నోటీసు రాలేదు.

తర్వాత నెలలో కంటి శిబిరం పని మీద గద్వాల వెళ్లినప్పుడు, అక్కడి హాలులో ప్రదర్శన నడుస్తోందని తెలిసి లోపలికి వెళ్లాను. మధ్య అలమార అలాగే ఉంది. నాలుగు బల్బుల కింద నల్ల ప్లాస్టిక్ చట్రం. దాని కింద దివాన్ గారి రాగి శాసనాల చీటీ. ఎడమ అద్దం మీద ప్లస్ రెండున్నర స్టిక్కర్ తళతళలాడుతోంది. శశిధర్ గారు కాలేజీ విద్యార్థుల గుంపుకు దివాన్ గారి పాండిత్యం వివరిస్తున్నారు. విద్యార్థులు ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్నారు. నన్ను చూసి ఆయన సంతోషంగా దగ్గరికి వచ్చారు.

"చూశారా మేడమ్, ఎంత జాగ్రత్తగా భద్రపరిచామో. నిన్న చేసినట్టున్నాయి" అన్నారు.

నిజమేనన్నాను.

ఆ తర్వాత ఉద్యోగంలో మిగిలిన నెలల్లో, కొత్తగా చేరిన ఆప్తాల్మిక్ ఆఫీసర్లకు తర్ఫీదు ఇచ్చినప్పుడల్లా ఈ సంగతి చెప్పాను. ఎవరి ముఖం మీది అద్దాలకైనా చెయ్యి చాపే ముందు శక్తి కొలవాలి, అవి తీసేస్తే ఏం కనబడుతుందో ఆ మనిషినే అడగాలి. ఈ రెండూ అయ్యాకే అవి ఎంత పాతవన్న ప్రశ్న. దివాన్ గారి కళ్లద్దాల విషయంలో మొదటి రెండూ వాటిని తీసుకుపోయినవాళ్లెవరూ చేయలేదు. మూడోదానికి జవాబుగా కొత్త స్టిక్కర్ అద్దం మీదే అంటుకుని ఉన్నా, మంచి చూపున్నవాళ్లెవరూ చదవలేదు.